పాదాల్లో స్పర్శ తగ్గినప్పుడు చెప్పులు, బూట్లు ఎలా ఎంచుకోవాలి

చెప్పుల షాపులో అందరం చేసేది ఒకటే. కాలు దూర్చి, నాలుగడుగులు వేసి, బాగుందా లేదా అని కాలినే అడుగుతాం. బిగుతుగా ఉంటే కాలే చెబుతుంది. ఎక్కడైనా గుచ్చుకున్నా అదే చెబుతుంది. నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ఈ పద్ధతి పనిచేయదు. పైగా ఇందులో ఇంకో చిక్కుంది. మొద్దుబారిన కాలికి సరైన సైజు చెప్పు వదులుగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఒక సైజు తక్కువది వేసుకుంటే, నొక్కుడు కాస్తయినా తెలుస్తుంది కాబట్టి, "ఇది పట్టింది" అనిపిస్తుంది. అలా బిగుతు జోడు ఏరికోరి కొనుక్కుని, కొన్నాళ్ళకే చిటికెన వేలి పక్కన పుండుతో డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళు చాలామంది.

కాబట్టి ఇక్కడ చెప్పే పద్ధతిలో కాలి అభిప్రాయం ఆఖర్న అడగాలి. ముందు పని చేయాల్సినవి కళ్ళు, చేతులు, ఒక అట్టముక్క, ఒక స్కేలు.

ముందు మీ పాదం సంగతి తెలుసుకోండి

పాదాల్లో నరాలు దెబ్బతినడానికి మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణం షుగర్. అదొక్కటే కాదు. బీ12 లోపం, ఎక్కువకాలం మద్యం తాగడం, కిడ్నీ జబ్బు, కొన్ని కీమోథెరపీ మందులు, కుష్ఠు, టీబీకి వాడే ఐసోనియాజిడ్ వల్ల కూడా వస్తుంది. షుగర్‌కి ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళలో బీ12 తగ్గే అవకాశం ఉంది. శాకాహారులైతే ఇంకాస్త ఎక్కువ. ఇది సరిచేయగలిగే కారణం కాబట్టి, తిమ్మిర్లు మొదలైతే "షుగర్ కదా, ఇంతే" అని వదిలేయకుండా ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి.

చెప్పుల విషయానికొస్తే, కారణం కన్నా మీ పాదం ఇప్పుడు ఏ స్థితిలో ఉందన్నదే ముఖ్యం. ఇంట్లోనే చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి డాక్టర్లు దీన్ని రూపొందించారు. మీరు కళ్ళు మూసుకుని పడుకోండి. ఇంట్లో ఒకరు తమ చూపుడువేలి కొసతో మీ కాలివేళ్ళ చివర్లను తేలిగ్గా తాకాలి. రెండు కాళ్ళకూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెన వేలు, మొత్తం ఆరు చోట్ల. ఒక్కోచోట ఒకటి రెండు సెకన్లు చాలు. నొక్కకూడదు, తట్టకూడదు, గీరకూడదు. తెలియకపోతే రెండోసారి తాకకూడదు. తాకినట్టు అనిపించగానే కుడో ఎడమో మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియలేదంటే, పాదాన్ని కాపాడే స్పర్శ పోయినట్టే అనుకుని డాక్టర్‌కి చూపించండి. వాళ్ళ దగ్గర 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ తీగ ఉంటుంది. కంపనం ఎంత తెలుస్తోందో కొలిచే యంత్రం కూడా ఉంటుంది. వాటితో సంగతి ఖాయంగా తేలుతుంది.

నడుస్తుంటే చెప్పు జారిపోయి, పది అడుగులు వేశాకగానీ తెలియడం లేదంటే, ఏ పరీక్షా లేకుండానే మీకు జవాబు దొరికినట్టు.

కొందరికి స్పర్శ పోదు. అరికాళ్ళలో మంటలు, సూదులతో పొడిచినట్టు పోట్లు, రాత్రి దుప్పటి తగిలినా తట్టుకోలేకపోవడం ఉంటాయి. చాలామందికి మంట ఒకపక్క, మొద్దుబారడం ఇంకోపక్క, రెండూ కలిసే ఉంటాయి. ఇక్కడ జాగ్రత్త అవసరం. మంట పుడుతోంది కాబట్టి స్పర్శ బాగానే ఉందనుకోవడం పొరపాటు. మంటతో అల్లాడే కాలికే ముల్లు దిగినా తెలియకపోవచ్చు.

తర్వాత పాదాన్ని వెలుతురులో చూడండి. వేళ్ళు వంకర తిరిగి పైకి లేచాయా? బొటనవేలి మొదట్లో ఎముక పక్కకు పొడుచుకొచ్చిందా? అరికాలి ముందుభాగంలో ఆనెకాయలు కట్టాయా? ఆనె కట్టిందంటే అక్కడ బరువు ఎక్కువ పడుతోందన్న గుర్తు, రేపు పుండు పడేదీ అక్కడే. దాన్ని బ్లేడుతో కోయకండి. మందుల షాపులో దొరికే కార్న్ పట్టీలు కూడా అంటించకండి. వాటిలో ఉండే యాసిడ్ ఆనెనే కాదు, పక్కనున్న మంచి చర్మాన్నీ తింటుంది. మీకు నొప్పి తెలియదు కాబట్టి ఎక్కడ ఆగాలో తెలియదు.

రెండు పరిస్థితుల్లో చెప్పుల షాపుకి వెళ్ళనేకూడదు. ఒకటి, పాదం మీద పుండు ఉన్నప్పుడు. పుండు మానాలంటే దాని మీద బరువు పడకుండా చేయాలి. అది కట్టో, ప్రత్యేకమైన బూటో వేసి డాక్టర్ చేసే పని, మెత్తటి చెప్పుతో జరిగేది కాదు. రెండోది, ఒక పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండో పాదం కన్నా వేడిగా ఉన్నప్పుడు. నొప్పి లేదు కదా అని నడుస్తూ ఉండిపోకండి. స్పర్శ లేని పాదంలో ఎముకలు, కీళ్ళు లోలోపల చితికిపోయే షార్కో అనే స్థితి ఇలాగే మొదలవుతుంది. ఆ కాలి మీద బరువు వేయడం ఆపి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

అట్టతో కొలత

కొలత సాయంత్రం తీసుకోండి. పొద్దుటికీ సాయంత్రానికీ పాదాలు ఉబ్బుతాయి. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి ఒరుసుకుంటుంది.

కొత్త చొక్కా మడతలో వచ్చే అట్ట ఉంటుంది చూడండి, ఈ పనికి అది భలే పనికొస్తుంది. పొడవు చాలకపోతే మిఠాయి డబ్బా మూత తీసుకోండి. ఎప్పుడూ వేసుకునే సాక్సులు తొడుక్కుని, అట్ట మీద నిలబడండి. కూర్చుని కాదు, రెండు కాళ్ళ మీదా సమంగా బరువు వేసి నిలబడాలి. ఇంకొకరు పెన్సిల్‌ని నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయాలి. మీరే వంగి గీస్తే బరువు ఒకపక్కకి ఒరిగి కొలత మారుతుంది. రెండు పాదాలకీ గీయండి. రెండూ ఒకే కొలతలో ఉండడం అరుదు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఇప్పుడు అన్నిటికన్నా పొడవైన వేలి ముందు ఒక సెంటీమీటరు కలిపి గీత గీయండి. కొందరికి బొటనవేలు కాకుండా పక్కవేలు పొడవుంటుంది, అది చూసుకోండి. ఆ గీత ప్రకారం అట్ట కత్తిరించి, కుడి ఎడమ రాసి, సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్ళండి. నచ్చిన బూటులో ముందు ఆ అట్టను దూర్చి చూడండి. అట్ట అంచులు ఎక్కడ మడతపడితే, మీ కాలు అక్కడ నలిగిపోతుందన్నమాట. సైజు నంబరు ఏదైనా సరే, అట్ట మడతపడితే ఆ జోడు వద్దు. అలాగని ముందు రెండు సెంటీమీటర్లు మించి ఖాళీ ఉండకూడదు. పాదం లోపల ముందుకీ వెనక్కీ జారుతూ ఒరుసుకుంటుంది.

సైజు నంబరును ఎందుకు నమ్మొద్దంటున్నానంటే, మన షాపుల్లో ఎక్కువగా కనిపించే యూకే నంబర్లలో ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు. యూరప్ నంబర్లలో అది 6.7 మిల్లీమీటర్లే. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చి రాసేటప్పుడు ఒక్కో కంపెనీ ఒక్కోలా సర్దుతుంది. పైగా ఆ నంబరు చెప్పేది పొడవే. మనలో చాలామందికి పాదం ముందుభాగం వెడల్పు. పొడవు సరిపోయిన బూటు వెడల్పులో నొక్కుతుంది. వెడల్పు కోసమని రెండు సైజులు పెద్దది కొంటే మడమ జారుతుంది. పరిష్కారం పెద్ద సైజు కాదు, అదే పొడవులో వెడల్పు ఎక్కువున్న మోడల్ వెతుక్కోవడం.

షాపులో, కాలు పెట్టకముందు

బూటుని చేతిలోకి తీసుకోండి. లోపల చెయ్యి పెట్టి వేళ్ళ దగ్గర్నుంచి మడమ దాకా తడమండి. కుట్లు, ముడులు, గట్టి అంచులు, మేకు మొన, జిగురు పెచ్చు ఏది తగిలినా పక్కన పెట్టేయండి. "వాడితే సర్దుకుంటుంది" అని షాపువాడు అంటాడు. మామూలు కాలికి ఆ మాట నిజం కావచ్చు. మీ విషయంలో సర్దుకునేది చర్మం, బూటు కాదు. మీ చేతివేళ్ళు కూడా మొద్దుబారి ఉంటే, ఈ తడిమే పని పక్కనున్నవాళ్ళకి అప్పగించండి.

వేళ్ళ దగ్గర భాగం గుండ్రంగానో చతురస్రంగానో ఉండాలి, మొనదేలి ఉండకూడదు. ఎత్తూ చాలినంత ఉండాలి. వేళ్ళు పైకి వంగినవాళ్ళకి పొడవు వెడల్పుల కన్నా ఈ ఎత్తే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పైభాగం మెత్తటి తోలో, సాగే గుడ్డో అయితే మంచిది. గట్టి రెక్సిన్ ఆ వంగిన వేళ్ళ మీద రోజూ రుద్దుతుంది.

మడమ వెనకభాగం గట్టిగా నిలబడాలి. వేలితో నొక్కితే మెత్తగా ముడుచుకుపోతే అది మడమను పట్టుకోలేదు. ఆ తర్వాత బూటుని రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ళు మడిచే చోట వంగాలి. నడుమ విరిగినట్టు మడతపడితే వద్దు, తడిబట్టలా మెలితిరిగినా వద్దు. మడమ ఎత్తు తక్కువగా ఉండాలి. ఎత్తు పెరిగేకొద్దీ బరువంతా పాదం ముందుభాగానికి చేరుతుంది.

మెత్తదనం గురించి ఒక మాట. "షుగర్ ఉందా అమ్మా? ఇదిగో, దూదిలా ఉంటుంది" అని మెమరీ ఫోమ్ జోడు చేతిలో పెడతారు. కాలు పెట్టగానే హాయిగా ఉంటుంది, నిజమే. కానీ నరాలు దెబ్బతిన్నవాళ్ళకి కాలు నేల మీద ఎలా ఆనిందో తెలియడం ముందే తగ్గి ఉంటుంది. మందపాటి మెత్తటి సోల్ ఆ కాస్త సమాచారాన్ని కూడా మింగేస్తుంది, తూలిపోవడం పెరుగుతుంది. పైగా చవకరకం ఫోమ్ కొద్ది నెలల్లోనే అణిగి అట్టముక్కలా తయారవుతుంది. లోపల మెత్తగా, కింద గట్టిగా, వెడల్పుగా ఉన్న సోల్ మీకు కావాలి. కింద గట్టిదనం ఎందుకంటే ముల్లు, గాజుపెంకు, మేకు పైకి రాకుండా.

ఇక గుబ్బలున్న ఆక్యుప్రెషర్ చెప్పులు. రక్తప్రసరణ పెరుగుతుందని, తిమ్మిర్లు పోతాయని సంతల్లో, ఎగ్జిబిషన్లలో, ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకి ప్రేమగా కొనిస్తున్నారు కూడా. స్పర్శ లేని పాదానికి ఇంతకన్నా చెడ్డ చెప్పు ఉండదు. ఒకేచోట పదేపదే గుచ్చుకునే గట్టి గుబ్బ మీద శరీరం బరువంతా వేసి నడవడం అది. ఎవరైనా ఇస్తే తీసుకుని పక్కన పెట్టేయండి, మొహమాటానికి కూడా వేసుకోకండి.

హవాయి చెప్పుల సంగతి కూడా చెప్పాలి. చవక, అలవాటు, ప్రతి ఇంట్లో ఉంటాయి. కానీ అవి కాలికి నిలవాలంటే వేళ్ళతో పట్టుకోవాలి. నరాలు బలహీనపడ్డ వేళ్ళు ఆ పని చేయలేవు. బొటనవేలి సందులో ఉండే పట్టీ ఒరిసి పుండు పడుతుంది. అదీ సందులో కాబట్టి కనపడదు. మీరు వేసుకునే ఏ చెప్పుకైనా వెనక పట్టీ ఉండాలి, వేలి సందులో పట్టీ ఉండకూడదు. బకిల్ కన్నా అతుక్కునే వెల్క్రో పట్టీ నయం, సాయంత్రం కాలు ఉబ్బితే కాస్త వదులు చేసుకోవచ్చు.

"డయాబెటిక్", "ఆర్థో" అని పెట్టె మీద రాసి ఉంటే సంతోషమే, కానీ పైన చెప్పిన పరీక్షలన్నీ వాటికీ పెట్టండి. ప్రత్యేకమైనవి దొరకకపోతే దిగులు పడక్కర్లేదు. వేళ్ళు వంకర తిరగని, ఇంతవరకూ పుండు పడని పాదానికి, సరైన కొలతలో ఉన్న మంచి వాకింగ్ షూ చాలు. లేసులున్నదైతే బిగుతు మన చేతిలో ఉంటుంది.

వేసుకుని చూడటం

ఇప్పుడు కాలు పెట్టండి. సాక్సుతోనే. రెండు కాళ్ళకీ వేసుకుని లేచి నిలబడండి. పొడవైన వేలి ముందు మీ చేతి బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉందేమో పక్కనున్నవాళ్ళని నొక్కి చూడమనండి. పాదం వెడల్పుగా ఉండేచోట, అంటే వేళ్ళ మొదళ్ళ దగ్గర, పైతోలుని రెండు వేళ్ళతో కొంచెం పట్టుకోగలగాలి. తోలు డోలు చర్మంలా బిగిసి ఉంటే వెడల్పు చాలలేదు. తర్వాత షాపులోనే పది నిమిషాలు నడవండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

విప్పిన వెంటనే సాక్సు తీసి పాదాన్ని చూడండి. ముందుగా చూడాల్సినవి చిటికెన వేలి పక్క, బొటనవేలి మొదలు, వేళ్ళ పైభాగం, మడమ వెనక. ఎర్రగా ఉంటే అది బూటు రాసిన చీటీ అనుకోండి. అరికాలు మీకు కనపడకపోతే ఫోనుతో ఫొటో తీయించండి. "మీ కాలికి ఎలా ఉంది?" అని షాపువాడు అడిగితే ఈ చూపు అయ్యాకే జవాబు చెప్పండి.

సాక్సుల విషయం ఇక్కడే తేల్చేద్దాం. లేత రంగువి వేసుకోండి, రక్తం గానీ చీము గానీ అంటితే కనపడుతుంది. పైన ఎలాస్టిక్ బిగుతుగా ఉండి పిక్క మీద గాటు పడితే వద్దు. వేళ్ళ దగ్గర లావుపాటి కుట్టు ఉంటే తిరగేసి తొడుక్కోండి, కుట్టు బయటికి వస్తుంది. చిల్లు పడిన సాక్సు కుట్టి వేసుకోవద్దు. వాపు తగ్గడానికి అమ్మే బిగుతు సాక్సులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా కొనకండి. కాళ్ళలో రక్తప్రసరణ తగ్గినవాళ్ళకి అవి హాని చేస్తాయి.

ఎంసీఆర్ చెప్పులు

పాదం ఆకారం మారినవాళ్ళకి, ఒకసారి పుండు పడి మానినవాళ్ళకి షాపు జోడు సాధారణంగా సరిపోదు. ఇలాంటివాళ్ళ కోసం మన దేశంలోనే పుట్టిన మంచి చెప్పు ఒకటుంది.

స్పర్శ లేని పాదాల గురించి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో చాలాభాగం కుష్ఠు రోగుల దగ్గర, వేలూరు చుట్టుపక్కలే నేర్చుకుంది. 1946లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)కి వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్, కుష్ఠు ఉన్నవాళ్ళ పాదాలు కుళ్ళి రాలిపోతాయన్న నమ్మకం తప్పని గ్రహించాడు. నొప్పి తెలియక, అదే చోట దెబ్బ మీద దెబ్బ తగలడం వల్ల పాదం పాడవుతోందని చూపించాడు. ఒక్కసారి తగిలే పెద్ద గాయమే కాదు, అదే చోట వేల అడుగులపాటు పడే మామూలు ఒత్తిడి కూడా పుండు చేస్తుందన్నది ఆయన పదేపదే చెప్పిన విషయం. స్పర్శ ఉన్నవాళ్ళు కాలు నొచ్చగానే తమకు తెలియకుండానే నడక మారుస్తారు. స్పర్శ లేనివాళ్ళు మార్చరు. ఆ ఆలోచన నుంచే వేలూరులో, పక్కనే ఉన్న కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలో, లోపల సన్నటి గాలి గదులుండే మెత్తటి రబ్బరుతో చెప్పులు చేయడం మొదలైంది. అదే మైక్రో సెల్యులర్ రబ్బర్, అందరూ ఎంసీఆర్ అంటారు. కుష్ఠు వల్ల స్పర్శ పోయినవాళ్ళకి ప్రభుత్వ కార్యక్రమం కింద ఈ చెప్పులు ఉచితంగా ఇస్తారు. ఇప్పుడు షుగర్ ఉన్నవాళ్ళకి కూడా ఇవే చేసిస్తున్నారు.

షుగర్ క్లినిక్కుల్లో, పెద్దాసుపత్రుల్లో కృత్రిమ అవయవాలు తయారుచేసే విభాగంలో వీటి గురించి అడగండి. మీ పాదం అచ్చు తీసి, ఒత్తిడి ఎక్కువ పడేచోట లోపలి అట్టలో (ఇన్‌సోల్‌లో) పల్లం చేసి ఇస్తారు. ముందుభాగంలో పుండ్లు పడేవాళ్ళకి సోల్ కింద పడవ అడుగులా వంపు పెడతారు, అడుగు వేసేటప్పుడు వేళ్ళ మొదళ్ళ మీద బరువు తగ్గుతుంది. మంచి ఎంసీఆర్‌ని బొటనవేలితో నొక్కితే బాగా అణగాలి, వదలగానే లేవాలి. అణిగి అలాగే ఉండిపోతే అది పాతదో, నాసిరకమో. ఎక్కడా మేకులు వాడకూడదు, అతికించి, కుట్టి ఉండాలి. రిపేరుకి వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చినా, మేకు కొట్టొద్దని మరీమరీ చెప్పండి. ఇంటికి తెచ్చాక చేత్తో తడిమి చూడండి.

ఒకప్పుడు ఈ చెప్పులు చూడగానే ఫలానా జబ్బని ఊరంతా గుర్తుపట్టేవాళ్ళు. అందుకే ఇచ్చినా చాలామంది మూల పడేసేవాళ్ళు. ఇప్పుడు అదే రబ్బరు మామూలు శాండిల్ లోపల, బూటు లోపల పెట్టి ఇస్తున్నారు. పెళ్ళికి వేసుకెళ్ళేలా కావాలంటే మొహమాటం లేకుండా అడగండి. నచ్చని చెప్పు ఎంత మంచిదైనా కాలికి ఎక్కదు.

కొత్త జోడు మొదటి రోజులు

కొత్త జోడుతో తిరుపతి ప్రయాణం పెట్టుకోకండి. మొదటి రోజు ఇంట్లోనే ఒక గంట. విప్పి పాదాలు చూసుకోండి. ఎర్రదనం ఇరవై ముప్పై నిమిషాల్లో పోతే సరే, మర్నాడు ఇంకో గంట పెంచండి. పోకుండా అలాగే ఉంటే ఆ జోడు మీకు పడలేదు. బొబ్బ లేస్తే చిదమకండి. అందుకే బిల్లు, పెట్టె దాచి ఉంచండి, మార్చే వీలుందా అని కొనేముందే అడగండి.

ఆ తర్వాత రోజూ చేయాల్సినవి రెండే. వేసుకునేముందు జోడుని బోర్లించి దులిపి, లోపల చెయ్యి పెట్టి చూడటం. విప్పాక పాదాలు, ముఖ్యంగా వేళ్ళ సందులు చూడటం. గులకరాయి, తుమ్మముల్లు, పిల్లల బొమ్మ ముక్క, చివరికి తేలు కూడా చెప్పుల్లో ఉండొచ్చు. చెప్పులో రాయి పడితే ఎవరైనా ఆగి తీసేస్తారు. మీరు సాయంత్రం దాకా దాని మీదే నడుస్తారు.

రెండు జోళ్ళు ఉంటే రోజు మార్చి రోజు వేసుకోండి. చెమట ఆరుతుంది, ఒకేచోట ఒరుసుకోవడం తగ్గుతుంది.

ఇల్లు, గుడి, దీక్ష

మన దగ్గర అసలు కష్టం షాపులో కాదు, గడప లోపలే. ఇంట్లో చెప్పులేమిటని పెద్దవాళ్ళు అంటారు. కానీ గాయాలు ఇంట్లో కూడా అవుతాయి. మంచం కోడు తగలడం, వంటింట్లో వేడినూనె చుక్క, కింద పడ్డ గుండుసూది, పగిలిన గాజు. స్పర్శ పోయినవాళ్ళు ఇంటా బయటా వట్టి కాళ్ళతోగానీ, సాక్సులతో మాత్రమే గానీ, పల్చటి చెప్పులతో గానీ నడవకూడదన్నది ఈ రంగంలో నిపుణులందరూ ఒప్పుకున్న నియమం. ఇంట్లోకి మాత్రమే వాడే జోడు ఒకటి కేటాయించండి. వీధిలోకి వేసుకెళ్ళకుండా, కడుక్కోవడానికి వీలైనదైతే ఇంట్లోవాళ్ళ అభ్యంతరం కూడా తగ్గుతుంది. పట్టీ వెనక్కి వేసుకునే క్లాగ్‌లు ఇంటి వరకు ఫరవాలేదు, దూరం నడవడానికి కాదు. స్నానాలగదిలో జారని అడుగున్నది వేరేగా ఉంచండి.

గుడికి వెళ్ళక తప్పదు, అక్కడ చెప్పులు విడవక తప్పదు. మే నెల మధ్యాహ్నం తారురోడ్డు వేడి 60 డిగ్రీలు దాటగలదు, ప్రాంగణంలో రాతిబండలు కూడా కాలిపోతుంటాయి. పక్కనున్నవాళ్ళు గంతులేస్తుంటే మీరు తాపీగా నడుస్తారు, రాత్రికి అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి. పొద్దున్నే గానీ చీకటిపడ్డాక గానీ దర్శనానికి వెళ్ళండి. సాక్సులకి అభ్యంతరం లేనిచోట మందపాటి కాటన్‌వి వేసుకోండి. పరిచిన చాపల మీదే నడవండి. తిరిగొచ్చాక, ఎండలో వదిలిన నల్ల చెప్పుల్ని ముందు చేత్తో ముట్టుకుని చూడండి, అవి కూడా కాలుతుంటాయి. అలిపిరి నుంచి 3,550 మెట్లు వట్టి కాళ్ళతో ఎక్కుతామన్న మొక్కు ఉంటే, దాన్ని ఇంకో రూపంలో తీర్చుకోవడం మంచిది.

అయ్యప్ప మాల వేసుకునే షుగర్ రోగుల విషయం మరీ టెన్షన్ పెడుతుంది. 41 రోజులు చెప్పుల్లేకుండా రోడ్ల మీద, ఆ తర్వాత కొండదారిలో నడక. స్పర్శ పోయిందని పరీక్షలో తేలినవాళ్ళు మాల వేసుకునేముందే గురుస్వామికి సంగతి చెప్పి, చెప్పుల విషయంలో మినహాయింపు అడగాలని నా అభిప్రాయం. స్వామి కోసమని కాలు పోగొట్టుకోమని ఏ గురుస్వామీ అనడు. భవానీ దీక్షకీ ఇదే మాట.

ఆడవాళ్ళకి మెట్టెలు. పాదం ఉబ్బినప్పుడు మెట్టె వేలిని కోస్తుంది, మూసి ఉన్న బూటులో పక్కవేలిని ఒరుస్తుంది. తీయమంటే చాలామందికి మనసొప్పదు. చివరలు కలవని, వదులు చేసుకోగలిగే నున్నటి మెట్టెలు పెట్టుకుని, వేళ్ళ దగ్గర తెరిచి ఉన్న శాండిల్ వేసుకోవడం మధ్యేమార్గం. రోజుకోసారి జరిపి కింద చర్మం చూసుకోండి. వేలు రంగు మారినా వాచినా వెంటనే తీసేయాలి.

పొలం పనికి వెళ్ళేవాళ్ళు బురదలోకి గమ్‌బూట్లు వేసుకోవచ్చు, కానీ లోపల చెమటకి చర్మం నానిపోతుంది. మందపాటి సాక్సులతో వేసుకుని, మధ్యమధ్యలో విప్పి ఆరబెట్టుకోండి. బైకు నడిపేవాళ్ళకి గేరు లివరు రోజూ ఎడమకాలి వేళ్ళ పైనే తగులుతుంది, అక్కడ మందంగా ఉన్న బూటు కావాలి. వెనక కూర్చునేవాళ్ళు సైలెన్సర్ వైపు కాలు ఎక్కడ పెట్టారో కళ్ళతో చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో, అమెరికా నుంచి

ఆన్‌లైన్‌లో కొంటే, అట్ట పొడవు సెంటీమీటర్లలో కొలిచి కంపెనీ ఇచ్చిన పట్టికతో పోల్చండి. వీలైతే రెండు సైజులు తెప్పించి, దుప్పటి మీద నడిచి చూసి, ఒకటి వెనక్కి పంపేయండి.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళలో బూట్లు సూట్‌కేసులోనే వస్తాయి. "నాన్నా, నీ సైజెంత?" అని ఫోనులో అడిగితే తొమ్మిదంటారు, వాళ్ళు అక్కడి తొమ్మిది తెస్తారు. అమెరికా మగవాళ్ళ సైజు యూకే సైజు కన్నా సుమారు ఒకటి ఎక్కువ. అంటే మన తొమ్మిదికి అక్కడ పది. ఆడవాళ్ళ నంబర్లలో తేడా రెండు దాకా ఉంటుంది. నంబరు చెప్పకుండా అట్ట ఫొటో, పక్కన స్కేలు పెట్టి పంపండి. అక్కడ కొనడంలో ఒక లాభం ఉంది. వెడల్పు అక్షరాల్లో దొరుకుతుంది. మగవాళ్ళకి డి మామూలు, 2ఈ వెడల్పు, 4ఈ ఇంకా వెడల్పు. ఆడవాళ్ళకి బి మామూలు, డి వెడల్పు. అక్కడే స్థిరపడి మెడికేర్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ఉన్న పెద్దవాళ్ళు షుగర్ వల్ల పాదాలకి ముప్పు ఉందని డాక్టర్ రాసిస్తే, ఏడాదికి ఒక జత లోతున్న బూట్లు, మూడు జతల లోపలి అట్టలు ఆ పథకం కింద తీసుకోవచ్చు. విజిటింగ్ వీసా మీద వెళ్ళినవాళ్ళకి ఇది వర్తించదు.

జోడు ఎప్పుడు మార్చాలో తెలియడానికి నెలకోసారి దాన్ని బల్ల మీద పెట్టి వెనకనుంచి చూడండి. ఒక పక్కకి ఒరిగినా, మడమ అడుగు ఒకవైపే అరిగినా, లోపలి అట్టలో వేళ్ళ మొదళ్ళ దగ్గర గుంట పడి నొక్కినా లేవకపోయినా, లోపలి గుడ్డ చిరిగినా, పైకి ఎంత కొత్తగా కనిపించినా సరే, దాన్ని తీసేయండి. వేరేవాళ్ళకి ఇచ్చేటట్టయితే వాళ్ళ కాలికి స్పర్శ ఉందో లేదో కనుక్కుని ఇవ్వండి.